యు-విన్‌లో బిడ్డ టీకాకు అపాయింట్‌మెంట్ ఎలా తీసుకోవాలి

ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాలకు ఇప్పుడు ఫోన్‌లోనే ముందుగా కేంద్రాన్ని, తేదీని ఎంచుకోవచ్చు. ఇందుకోసం కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ నడుపుతున్న వేదిక పేరు యు-విన్. కరోనా కాలంలో అందరం వాడిన కో-విన్ నమూనాలోనే దీన్ని రూపొందించారు. 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2024 అక్టోబరు 29న దేశమంతటికీ అధికారికంగా ప్రారంభించారు. సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద గర్భిణులకు, పుట్టినప్పటి నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలకు వేసే ప్రతి డోసూ ఇందులో నమోదవుతుంది.

కో-విన్ వాడిన అనుభవం ఉన్నవారు కూడా ఒక తేడాను ముందే గ్రహించాలి. అప్పుడు పెద్దవాళ్లం మన పేర్లు మనమే నమోదు చేసుకున్నాం, రెండు మూడు డోసులతో పని ముగిసింది. ఇక్కడ రికార్డు బిడ్డకు పదహారేళ్లు వచ్చేదాకా సాగుతుంది. పైగా మీరు యాప్ తెరిచే సమయానికే ఆ రికార్డును ప్రసవం జరిగిన ఆసుపత్రి సిబ్బందో, మీ ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎమ్మో తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. బుకింగ్ అనేది కాసేపట్లో అయిపోయే పని. జాగ్రత్త పడవలసింది బిడ్డ పేరున ఒకే ఒక రికార్డు ఉండేలా చూసుకోవడంలో. అందువల్ల ఈ వ్యాసంలో మొదటి మెట్టుకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మొదట, రికార్డు ఇప్పటికే ఉందేమో చూడండి

మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. గర్భం నిర్ధారణ అయినప్పుడు అత్తవారి ఊళ్లో ఏఎన్ఎమ్ పేరు రాసుకుని మాతాశిశు సంరక్షణ కార్డు ఇస్తుంది. అప్పుడు సాధారణంగా భర్త ఫోన్ నంబరు ఇస్తారు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్లాక, ఆసుపత్రిలో చేర్చే హడావిడిలో ఎవరు పక్కన ఉంటే వారి నంబరు, చాలాసార్లు అమ్మాయి తండ్రిదో అన్నదో, కాగితాల్లోకి ఎక్కుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి తిరిగి వచ్చాక, తల్లి తన ఫోన్‌తో యు-విన్ తెరిస్తే అందులో బిడ్డ పేరే కనిపించదు. కనిపించలేదు కదా అని కొత్తగా నమోదు చేస్తే అక్కడే చిక్కు మొదలవుతుంది.

ఇలా రెండు రికార్డులు తయారైతే పుట్టినప్పుడు వేసిన టీకాలు ఒకచోట, తరువాతివి మరొకచోట ఉండిపోతాయి. తదుపరి డోసు గుర్తుచేసే ఎస్ఎంఎస్ తాతగారి ఫోన్‌కు వెళుతుంది. రెండు ఊళ్ల జాబితాల్లోనూ బిడ్డ టీకాలు మానేసినట్లే కనిపిస్తుంది కనుక ఇద్దరు ఆశా కార్యకర్తలు ఒకే బిడ్డ కోసం వెతుకుతూ ఉంటారు. చివరికి సర్టిఫికెట్ తీసుకోబోయేసరికి సగం డోసులే కనిపిస్తాయి.

కాబట్టి యాప్‌లో ఏమీ నింపక ముందే ఇంట్లో రెండు ప్రశ్నలు వేయండి: కాన్పు సమయంలో ఎవరి నంబరు ఇచ్చారు? గర్భిణిగా నమోదైనప్పుడు ఎవరిది ఇచ్చారు? ఆ నంబర్లతో ఒక్కొక్కటిగా లాగిన్ అయి చూడండి. ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది కనుక ఆ మనిషి అందుబాటులో ఉన్న సమయం చూసుకోవాలి. ఏదో ఒక నంబరు కింద తల్లి పేరో బిడ్డ పేరో కనిపిస్తే ఆ రికార్డునే కొనసాగించండి. నంబరు మార్పించాలనుకుంటే కొత్త నమోదు చేయకుండా, కార్డు తీసుకుని టీకా కేంద్రంలో ఏఎన్ఎమ్‌ను అడగండి. ఏ నంబరు కిందా కనిపించకపోయినా వెంటనే తొందరపడవద్దు. మాతాశిశు సంరక్షణ కార్డు మీద రాసి ఉన్న ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూపించి, తమ వైపు ఏదైనా వివరం ఉందేమో వెతకమని ఏఎన్ఎమ్‌ను కోరండి. అక్కడా లేదని తేలిన తరువాతే కొత్తగా నమోదు చేయడం మంచిది.

వెతికేటప్పుడు బిడ్డ పేరుతో మాత్రమే వెతకకండి. పుట్టిన రోజున బిడ్డకు పేరు ఉండదు, బారసాల ఇంకా జరగదు. ఆసుపత్రి కాగితాల్లో 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు చేర్చి రాస్తారు, రికార్డులోనూ అదే ఉండిపోయి ఉండవచ్చు. తల్లి పేరు, పుట్టిన తేదీ సరిపోతే అది మీ బిడ్డదే. జనన ధ్రువపత్రం చేతికి వచ్చాక అందులో ఉన్న అక్షరక్రమం ప్రకారమే పేరు మార్పించుకోండి. ఇంటి పేరు ముందా వెనకా, పొట్టి అక్షరాలా పూర్తిగానా అనేవి ఇప్పుడు చిన్న విషయాలుగానే కనిపిస్తాయి గానీ బడిలో చేర్చే నాటికి రెండు పత్రాల్లో పేర్లు కలవకపోతే తిరుగుడు తప్పదు.

గర్భిణిగా ఉన్నప్పుడే ఈ వ్యాసం చదువుతున్నవారికి పని తేలిక. తల్లి పేరుతో ఇప్పుడే నమోదై, ఎక్కువ కాలం మారకుండా ఉండే ఒక నంబరును ఎంచుకుని, ప్రసవానికి వెళ్లేటప్పుడు ఆసుపత్రిలో కూడా అదే నంబరు చెప్పమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. గర్భిణికి వేసే టీడీ టీకా కూడా ఇదే రికార్డులో ఎక్కుతుంది. అందరూ ఇంకా టీటీ అనే అంటున్నా ఇప్పుడు వేస్తున్నది ధనుర్వాతంతో పాటు కంఠసర్పి నుంచి కూడా రక్షణ ఇచ్చే టీడీ. గర్భం తెలిసిన వెంటనే మొదటి డోసు, నాలుగు వారాల తరువాత రెండోది వేస్తారు. క్రితం కాన్పులో రెండూ తీసుకుని, మూడేళ్ల లోపే మళ్లీ గర్భం వస్తే ఒక్క బూస్టరు చాలు.

దగ్గర పెట్టుకోవలసినవి

మాతాశిశు సంరక్షణ కార్డు, ఓటీపీ వచ్చే ఫోన్, తల్లిదండ్రుల్లో ఒకరి గుర్తింపు పత్రం, ఉంటే బిడ్డ జనన ధ్రువపత్రం. ఇవి చాలు. ప్రైవేటు ఆసుపత్రిలో ఏవైనా టీకాలు వేయించి ఉంటే ఆ చీటీ కూడా తీయండి. టీకా పేరు, తేదీ స్పష్టంగా లేకపోతే ఆ ఆసుపత్రిలోనే రాయించుకోండి, ఎందుకంటే అక్కడ వాడే కలయిక టీకాలు ప్రభుత్వ పట్టికలోని వాటితో అన్నివేళలా ఒకటి కావు, మిగిలిన డోసులు ఏమిటో తేల్చడానికి ఏఎన్ఎమ్‌కు ఆ పేరు కావాలి. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా, అంటే 14 అంకెల ఆభా సంఖ్య, సృష్టించుకోమని కూడా అడగవచ్చు. అది మీ ఇష్టం. అది లేదని టీకా ఆగదు.

తేదీ లెక్క

ఏ తేదీకి బుక్ చేయాలో యాప్ చెబుతుంది. అయినా లెక్క మీకు తెలిసి ఉండటం మేలు, ఎందుకంటే పుట్టిన తేదీ తప్పుగా ఎక్కితే యాప్ చూపించే తేదీలన్నీ తప్పుతాయి.

పుట్టినప్పుడు బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కల సున్నా డోసు, హెపటైటిస్-బి వేస్తారు. హెపటైటిస్-బి మొదటి 24 గంటల్లోనే పడాలి, పోలియో సున్నా డోసుకు 15 రోజుల గడువు ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయితే వీటికి మీరు బుక్ చేయనక్కరలేదు, డిశ్చార్జి అయ్యేలోపు పడ్డాయో లేదో, కార్డులో రాశారో లేదో చూసుకుంటే చాలు. తరువాత వచ్చేవి మన ఇళ్లలో నెలన్నర, రెండున్నర నెలలు, మూడున్నర నెలలు అని చెప్పుకునే టీకాలు. పట్టికలో అవి 6, 10, 14 వారాలు. నెలన్నర అంటే 45 రోజులని లెక్కవేసేవారు ఎక్కువ. కావలసింది 42 రోజులు నిండటమే.

ఒక ఉదాహరణ చూద్దాం. బిడ్డ 2025 జూన్ 2, సోమవారం పుట్టిందనుకోండి. 42 రోజులు జూలై 14కు నిండుతాయి. తెలుగు రాష్ట్రాల్లో టీకాల రోజులుగా స్థిరపడినవి బుధ, శనివారాలు కనుక మొదటి అవకాశం జూలై 16, బుధవారం. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. కాబట్టి రెండోది ఆగస్టు 13, మూడోది సెప్టెంబరు 10. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. మొదటి డోసు ఏ కారణం చేతనైనా జూలై 30కి జరిగితే, రెండోది ఆగస్టు 13న వేయరు. 27కి జరుగుతుంది, దాని వెనుక మూడోదీ జరుగుతుంది. లెక్క ఎప్పుడూ క్రితం డోసు వేసిన రోజు నుంచే. తొమ్మిది నెలలు నిండేది 2026 మార్చి 2న కనుక తట్టు, రుబెల్లా మొదటి డోసుకు మార్చి 4, బుధవారం చూసుకోవచ్చు. గడువుకు రెండు రోజుల ముందు మీకు వీలుంది కదా అని ముందుకు జరపాలని చూడవద్దు, కనీస వయసు నిండకుండా వేయరు.

ఏ రోజు బిడ్డకు ఎన్ని సూదులు పడతాయో ముందే తెలిస్తే ఎవరు తోడు రావాలో, ఆ రోజు సెలవు పెట్టాలో వద్దో తేల్చుకోవచ్చు. ఆరో వారంలో మూడు సూదులు ఉంటాయి: ఎడమ తొడకు పెంటావాలెంట్ (ఐదు వ్యాధులకు కలిపి ఒకే టీకా), కుడి తొడకు న్యూమోకోకల్ (న్యుమోనియా టీకా), కుడి భుజం చర్మంలోకి పోలియో సూది. వీటితో పాటు పోలియో చుక్కలు, రోటావైరస్ మందు నోట్లో వేస్తారు. పదో వారం తేలిక, పెంటావాలెంట్ ఒక్కటే సూది, మిగతావి చుక్కలు. పద్నాలుగో వారం మళ్లీ ఆరో వారం లాగే. తొమ్మిది నెలలకు తట్టు-రుబెల్లా, న్యూమోకోకల్ బూస్టరు, పోలియో సూది మూడో డోసు, వీటితో పాటు విటమిన్-ఎ ద్రావణం మొదటి మోతాదు. మెదడువాపు వ్యాధి బెడద ఉన్న జిల్లాల్లో ఆ టీకా కూడా ఉంటుంది. ఆ తరువాత 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా), పోలియో బూస్టర్లు. ఏడాది పుట్టినరోజు దాటాక చాలామంది తల్లిదండ్రులు ఇక టీకాలు అయిపోయాయనే అనుకుంటారు. బుకింగ్ ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఫోన్ క్యాలెండరులో ఏడాదిన్నరకు ఒక గుర్తు పెట్టుకోవడం యాప్ పంపే సందేశం కంటే నమ్మదగినది.

ఆలస్యమైన పిల్లల విషయం. మధ్యలో రెండు మూడు నెలలు మానేసినా మళ్లీ మొదటి నుంచి వేయించనక్కరలేదు, ఆగిన చోటి నుంచి సాగిస్తారు. అయితే కొన్నింటికి వయో పరిమితి ఉంది: బీసీజీ ఏడాది లోపే వేస్తారు, రోటావైరస్ మొదటి డోసు కూడా ఏడాది లోపే మొదలవ్వాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కూడా లెక్క పుట్టిన తేదీ నుంచే, నిండవలసిన తేదీ నుంచి కాదు.

లాగిన్, నమోదు

యు-విన్‌ను బ్రౌజరులో వాడవచ్చు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌గానూ వాడవచ్చు. వెబ్ చిరునామా యూవిన్ డాట్ ఎంఓహెచ్ఎఫ్‌డబ్ల్యూ డాట్ జీఓవీ డాట్ ఇన్. చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే పోలిక ఉన్న పేర్లతో డబ్బు అడిగే సైట్లు ఎప్పుడైనా పుట్టుకు రావచ్చు. ఇందులో నమోదుకు గానీ, బుకింగుకు గానీ, టీకాకు గానీ, సర్టిఫికెట్‌కు గానీ ఒక్క రూపాయి కూడా లేదు. తెలుగులోనూ వాడుకోవచ్చు.

మొబైల్ నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లండి. మొదటి మెట్టులో చెప్పినట్లు బిడ్డ పేరు ముందే ఉంటే దాన్ని తెరిచి వివరాలు సరిచూడండి. లేకపోతే కొత్త సభ్యుడిని చేర్చే చోటికి వెళ్లి గర్భిణా, బిడ్డా అన్నది ఎంచుకుని పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, తల్లిదండ్రుల వివరాలు, గుర్తింపు పత్రం, చిరునామా నింపండి. బటన్ల పేర్లు, అవి ఉండే చోట్లు కొత్త వెర్షన్లతో మారుతుంటాయి గానీ వరుస ఇదే. పుట్టిన తేదీని భద్రపరిచే ముందు జనన ధ్రువపత్రంతో అంకె అంకె పోల్చి చూడండి. రోజూ నెలా తారుమారైతే, అంటే జూన్ 2 కాస్తా ఫిబ్రవరి 6 అయితే, యాప్ దృష్టిలో బిడ్డ నాలుగు నెలలు పెద్దదై, వేయవలసిన టీకాలు గడువు దాటినవిగా కనిపిస్తాయి.

ఓటీపీ గురించి ఒక మాట. కేంద్రంలో మీ ఎదురుగా కూర్చుని వివరాలు నమోదు చేస్తున్న ఏఎన్ఎమ్ అడిగితే చెప్పడంలో తప్పు లేదు. ఆరోగ్య శాఖ నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసినవారికి మాత్రం చెప్పకూడదు.

కేంద్రం, రోజు ఎంచుకోవడం

బిడ్డ పేరు దగ్గర వేయవలసిన టీకాలు వరుసగా కనిపిస్తాయి. బుక్ చేయడానికి తెరిచి, మీ పిన్ కోడ్ ద్వారా గానీ, రాష్ట్రం, జిల్లా ఎంచుకుని గానీ కేంద్రాల జాబితా తెప్పించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఉపకేంద్రాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు, ప్రభుత్వ ఆసుపత్రులు అందులో ఉంటాయి. మీకు దగ్గరగా ఉన్నదాన్ని, తేదీని, సమయాన్ని ఎంచుకుని ఖాయం చేస్తే ఫోన్‌కు సందేశం వస్తుంది. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. కేంద్రం దగ్గర సిగ్నల్ ఉండకపోవచ్చు.

అన్ని కేంద్రాల్లో అన్ని రోజులూ ఖాళీలు ఎందుకు కనిపించవని చాలామందికి అనుమానం వస్తుంది. కారణం సీసాలో ఉంది. బీసీజీ, తట్టు-రుబెల్లా టీకాలు పొడి రూపంలో వస్తాయి, ఒక్కో సీసాలో పలు డోసులు ఉంటాయి. ద్రావణం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఒక్క బిడ్డ కోసం రోజూ ఒక సీసా తెరిస్తే మిగతా డోసులన్నీ వృథా. అందుకే పిల్లలను ఒక రోజుకు కూడగట్టి వేస్తారు. పెంటావాలెంట్, పోలియో వంటి ద్రవ రూప టీకాలకు ఈ ఇబ్బంది లేదు, చల్లదనం, శుభ్రత నియమాలు పాటిస్తే తెరిచిన సీసాను 28 రోజుల వరకు వాడవచ్చు. కాబట్టి తొమ్మిది నెలల టీకాకు బుక్ చేసి వెళ్లకుండా ఊరుకోవడం, పదో వారం టీకాకు వెళ్లకపోవడం కంటే సిబ్బందికి ఎక్కువ ఇబ్బంది. వెళ్లలేమని తెలిసిన వెంటనే యాప్‌లో తేదీ మార్చండి, లేదా ఆశా కార్యకర్తకు ఒక్క ఫోన్ చేయండి.

బుధ, శనివారాల్లో మీకు దొరికే సమయాలు సరిపడకపోతే జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రి వంటి పెద్ద చోట్ల కూడా వెతికి చూడండి, అక్కడ టీకాలు వేసే రోజులు ఎక్కువగా ఉంటాయి.

జాబితాలో మీ ఊరి పేరే లేకపోతే మీ ఊళ్లో టీకాలు వేయరని అర్థం కాదు. ఉపకేంద్రం లేని ఊళ్లలో అంగన్‌వాడీ కేంద్రంలో నెలకొకసారి గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార దినం జరుపుతారు, ఏఎన్ఎమ్ అక్కడికే టీకాల పెట్టెతో వస్తుంది. ఆ తేదీ ఆశా కార్యకర్తను అడిగితే తెలుస్తుంది. ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాలి: అపాయింట్‌మెంట్ అనేది మీ సౌకర్యం కోసం, అర్హత కోసం కాదు. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా, బుకింగ్ కుదరకపోయినా, కార్డు తీసుకుని టీకాల రోజున నేరుగా వెళితే అక్కడికక్కడే నమోదు చేసి వేస్తారు. బుకింగ్ దొరకలేదన్న కారణంతో వారాల తరబడి ఆగడం మాత్రం చేయకూడదు.

పని కోసం ఊళ్లు మారే కుటుంబాలకు యు-విన్ వల్ల కలిగే మేలు ఇక్కడే ఎక్కువ. ఇటుక బట్టీలకో, భవన నిర్మాణానికో హైదరాబాదుకో, బెంగళూరుకో, చెన్నైకో వెళ్లినవారు ఆ ఊరి పిన్ కోడ్ కొట్టి అక్కడి కేంద్రంలోనే తరువాతి డోసుకు బుక్ చేయవచ్చు. రికార్డు దేశమంతటా ఒకటే కనుక సొంతూరికి తిరిగి వచ్చాక అక్కడ వేసినవి ఇక్కడ కనిపిస్తాయి. అయినా కాగితం కార్డు మీ వెంటే ఉండాలి. యంత్రంలో ఎక్కించడం ఆ రోజు మరిచిపోయినా, కార్డులో రాసిన తేదీ సాక్ష్యంగా నిలుస్తుంది.

టీకా రోజున

కార్డు, బుకింగ్ సందేశం, గుర్తింపు పత్రం తీసుకుని, తొడలు, భుజాలు తేలికగా కనిపించే బట్టలు బిడ్డకు వేసి వెళ్లండి. పాలు పట్టి తీసుకెళ్లవచ్చు. చుక్కల మందు వేసిన తరువాత కూడా తల్లిపాలు వెంటనే ఇవ్వవచ్చు. స్వల్పంగా జలుబు, ఒళ్లు వెచ్చబడటం, విరేచనాలు ఉన్నాయని ఇంట్లో పెద్దవాళ్లు వాయిదా వేయమంటారు. ఈ కారణాలతో బుకింగ్ రద్దు చేయవద్దు, తీసుకెళ్లి ఏఎన్ఎమ్‌కే చెప్పండి, వాయిదా వేయాలో వద్దో ఆమె తేలుస్తుంది. జ్వరం తీవ్రంగా ఉన్నా, క్రితం డోసుకు మూర్ఛ గానీ ఒళ్లంతా దద్దుర్లు గానీ వచ్చి ఉన్నా ఆ సంగతి దాచకుండా ముందే చెప్పాలి.

టీకా వేసే ముందు సీసా మీద ఉన్న గుర్తును చూపించమని అడిగే హక్కు మీకు ఉంది. గుండ్రని రంగు వలయం మధ్యలో ఒక చిన్న చతురస్రం ఉంటుంది. లోపలి చతురస్రం బయటి వలయం కంటే లేత రంగులో ఉంటే, గడువు తేదీ దాటనంత వరకు, ఆ టీకా వాడదగినది. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, చతురస్రం ముదిరినా వేడి తగిలిందని అర్థం, అది వాడకూడదు. నిజానికి దీన్ని సిబ్బందే చూసుకుంటారు, కానీ మర్యాదగా అడిగితే చూపిస్తారు.

టీకా అయ్యాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఆటో వాడు తొందరపెడుతున్నాడని లేచి రాకండి. అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ సాధారణంగా ఆ కాసేపట్లోనే బయటపడుతుంది, దానికి కావలసిన మందు అక్కడ ఉంటుంది. ఈ అరగంటను వృథాగా పోనివ్వవద్దు. ఏఎన్ఎమ్ ప్రతి తల్లికీ నాలుగు మాటలు చెప్పాలని శిక్షణలోనే నేర్పుతారు: ఏ టీకా వేశారు, అది దేన్నుంచి కాపాడుతుంది, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ చిన్న ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి, కార్డు భద్రంగా ఉంచి తరువాతిసారి తీసుకురావాలి. రద్దీలో ఇవి మిగిలిపోతే మీరే అడగండి. అడిగేటప్పుడే, ఈ రోజు వేసినవి యు-విన్‌లో ఎక్కించారా అని కూడా అడిగి, ఫోన్‌లో సందేశం వచ్చిందో లేదో చూసుకుని లేవండి. రాకపోతే అక్కడికక్కడే చెప్పడం, మూడు రోజుల తరువాత మళ్లీ వెళ్లి చెప్పడం కంటే ఎంతో సులువు.

ఇంటికి వచ్చాక పెంటావాలెంట్, డీపీటీ తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం, సూది చోట వాపు సహజం. పారాసిటమాల్ ఎంత మోతాదు ఇవ్వాలో బిడ్డ బరువును బట్టి ఏఎన్ఎమ్ చెబుతుంది, అంతే ఇవ్వాలి. వాపు మీద శుభ్రమైన చల్లని తడిగుడ్డ వేయవచ్చు గానీ వేడి కాపడం పెట్టకూడదు, పసుపు పూయకూడదు. బీసీజీ చోట కొన్ని వారాల తరువాత చిన్న పొక్కు వచ్చి పుండై మచ్చ కట్టడం మామూలే, దానికి మందు రాయనక్కరలేదు. మచ్చ పడకపోయినా మళ్లీ వేయించనక్కరలేదు. ఆగని ఏడుపు, మూర్ఛ, ఊపిరి అందకపోవడం, ఒళ్లు వేలాడిపోవడం కనిపిస్తే మాత్రం యాప్‌లోకి చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆ తరువాత ఏఎన్ఎమ్‌కు తెలియజేయండి.

రికార్డును సరిచూసుకోవడం, సర్టిఫికెట్

రెండు మూడు రోజుల తరువాత లాగిన్ అయి, కార్డులోని తేదీలను యాప్‌లోని తేదీలతో పోల్చండి. వేసిన టీకా కనిపించకపోయినా, వేయనిది వేసినట్లు చూపించినా, తేదీ తేడాగా ఉన్నా, టీకా వేసిన కేంద్రంలోనే కార్డు చూపించి సరిచేయించాలి. మీ వైపు నుంచి డోసుల వివరాలు మార్చే వీలు ఉండదు. అక్కడ పని జరగకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, అర్జీతో కార్డు నకలు జతచేయండి. ప్రైవేటులో వేయించిన డోసులు దానంతట అవే యు-విన్‌లోకి వస్తాయని అనుకోవద్దు, ఆ చీటీ తీసుకెళ్లి చేర్పించగలరేమో ఏఎన్ఎమ్‌ను అడగండి.

వివరాలు సరిగ్గా ఉన్నాక క్యూఆర్ కోడ్ ఉన్న డిజిటల్ టీకా సర్టిఫికెట్‌ను యాప్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫోన్ పోతే, నంబరు మారితే ఇబ్బంది లేకుండా ఒక నకలు ఈమెయిల్‌లోనో, ఇంకొకరి ఫోన్‌లోనో ఉంచండి. అందులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, మీ వివరాలు ఉంటాయి కనుక కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకపోవడమే మంచిది.

ఐదేళ్ల వయసులో డీపీటీ రెండో బూస్టరు, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ మిగిలి ఉంటాయి. ఈ మూడింటినీ చాలాచోట్ల బడిలోనే వేస్తారు కాబట్టి ఆ రోజు పిల్లల చేత బిడ్డ పేరు, రికార్డులో ఉన్న మొబైల్ నంబరు రాసిన చీటీ పంపండి. ఆ డోసు ఇప్పుడున్న రికార్డులోకే చేరాలంటే అక్కడ నమోదు చేసేవారికి ఆ నంబరు తెలియాలి. బడిలో వేసేనాటికి పిల్లవాడు సెలవులో ఉంటే, ఇదే ఖాతాలో లాగిన్ అయి, తరువాతి బుధవారానికో శనివారానికో మీ దగ్గరి కేంద్రంలో బుక్ చేయండి.